వేలు తెగితె తప్పు పోరనిదా, మిషన్‌దా?

సూర్యాపేటల, కోదాడల, మిర్యాలగూడల వడ్ల షాపులకు పోయినప్పుడు నేను ముందుగాల తలుపులు, మంచాలు చూడ. చేతులు చూస్త. పెద్ద మిస్త్రీ చాయ్ గ్లాసు అందుకుంటాంటె ఒకాయనకు చూపుడువేలు సగమే ఉంటది, ఇంకొకాయనకు బొటనేలు కొస ఉండది. "ఎట్ల పోయిందే?" అంటె "పని నేర్చుకునేటప్పుడు సోయి లేకుండ పెట్టిన" అని నవ్వి ఊకుంటరు. ఓనర్‌ను అడిగితె "ఫోన్ల ముచ్చట పెట్టుకుంట కోసిండు" అంటడు. ద్రోణుడు అడిగితె ఏకలవ్యుడు బొటనేలు కోసిచ్చిండని చిన్నప్పుడు కథల చదువుకున్నం. మన షాపులల్ల అడిగే గురువు లేకున్నా ఇచ్చుడు మాత్రం నడుస్తనే ఉన్నది.

నేను చెప్పొచ్చేది ఏందంటె, టేబుల్ రంపం మీద వేలు పోయినప్పుడు మనం పోరని సోయిని తిడ్తం గానీ మిషన్ దిక్కు చూడం. ఆ మిషన్ మీద ఉండాల్సిన గార్డు లేదు, బ్లేడు వెనక ఉండాల్సిన పట్టీ లేదు, సరైన స్టార్టర్ లేదు. సోయి అనేది మనిషికి పొద్దుగాల ఉంటది, మాపటికి తగ్గుతది. పట్టీ అట్ల కాదు, బిగిస్తె పొద్దంత ఉంటది. ఇంటర్ అయినంక, డిగ్రీ మధ్యల ఆపినంక ఈ పనికి వస్తున్న తమ్ముళ్లు మస్తుమంది ఉన్నరు. యూట్యూబ్ చూసి ఇంటి కాడ్నే చిన్న షాపు పెట్టుకుందామని మిషన్ కొంటున్నోళ్లు కూడ ఉన్నరు. మీకోసమే ఇది రాస్తున్న.

మన తాతల కాలంల వడ్లోళ్ల చేతుల బాడిశ, ఉలి, చిత్రిక, చేతి రంపం ఉండె. తుమ్మ కట్టెతోని నాగలి, బండి చక్రం చేసిండ్రు. చెయ్యి ఆగితె రంపం ఆగేది. ఉలి జారితె గాయమయ్యేది, పసుపు అద్ది గుడ్డ కట్టుకునేటోళ్లు. ట్రాక్టరొచ్చి బండి పోయింది, నాగలి పోయింది. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండి మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊరైంది, పల్లెలల్ల స్లాబు ఇండ్లు లేసినయి. ఇప్పుడు పనంత ప్లైవుడ్డు కప్‌బోర్డు, టీవీ యూనిట్, మాడ్యులర్ కిచెన్. అంటె పొద్దంత కోతనే. చేతి రంపంతోని అది తెగేది కాదు గనుక కోత మిషన్ వచ్చింది. ఇదైతె మన చెయ్యి ఆగినా ఆగది.

అసలు టేబుల్ రంపం అంటె ఇనుప బల్ల, కింద మోటరు, బల్ల మధ్యల సందు నుంచి పైకి లేసిన గుండ్రటి బ్లేడు. కట్టెను మనమే బ్లేడు మీదికి తోస్తం. కంపెనీ నుంచి వచ్చినప్పుడు దాని మీద గార్డుంటది, వెనక పట్టీ ఉంటది, పక్కన అంచు పట్టీ ఉంటది, తోసే కర్ర గూడ ఉంటది. మన దిక్కు షాపులల్ల నేను చూసేది చాన వరకు అది కాదు. చేత్తోని పట్టుకొని కోసే మిషన్‌ను తలకిందులు చేసి, ప్లైవుడ్డు బల్ల కింద స్క్రూలతోని బిగిస్తరు. బ్లేడు పైకి వచ్చేటట్టు బల్లకు సందు కొడ్తరు. మిషన్ బటన్ వదిలితె ఆగిపోతది గనుక దాన్ని టేపుతోనో, తాడుతోనో నొక్కిపెట్టి కడ్తరు. ప్లగ్గు పెడ్తె తిరుగుతది, పీకితె ఆగుతది. కొందరు టైల్స్ కోసే నాలుగు ఇంచుల కట్టర్‌కే కట్టె బ్లేడు తొడిగి ఇదే పని చేస్తరు.

చేతి మిషన్‌కు కంపెనోడు ఇచ్చిన రక్షణంత చేత్తోని పట్టుకున్నప్పుడు పనిచేసే రక్షణ. కింద ఉండే గార్డు స్ప్రింగుతోని దానంతట అదే మూసుకుంటది, బటన్ వదిలితె ఆగుతది. తిప్పి బిగిచ్చినంక గార్డు అడ్డమని దాన్ని వెనక్కి కట్టేస్తరు. బటన్‌ను ముందే కట్టేసిరి. రెండూ పోయినయి. మిగిలింది ఉట్టి బ్లేడు. దాని ముందట పద్దెనిమిదేండ్ల పోరన్ని నిలబెట్టి "జాగ్రత్తర బై" అంటరు.

ఇగ ఆ బ్లేడు వేగం ఎంతనో లెక్క కడ్దాం. పది ఇంచుల బ్లేడు నిమిషానికి 4,000 చుట్లు తిరిగితె పంటి కొస గంటకు 190 కిలోమీటర్ల వేగంతోని పోతది. హైదరాబాద్–విజయవాడ హైవే మీద ఏ కారు అంత పోదు. నాలుగు ఇంచుల కట్టర్ చిన్నదే కదా అనుకోవద్దు. అది నిమిషానికి 13,000 దాక తిరుగుతది, దాని పంటి కొస వేగం గంటకు 270 కిలోమీటర్లు. అందుకే బ్లేడు కొనేటప్పుడు దాని మీద రాసి ఉన్న గరిష్ఠ చుట్ల లెక్క మిషన్ చుట్ల కన్న ఎక్కువ ఉన్నదా చూసుకోవాలె. తక్కువుంటె ఆ బ్లేడు ఆ మిషన్‌కు పెట్టనే పెట్టొద్దు.

వేలు ఎట్ల తెగుతదో అర్థం కావాలంటె పండ్లు ఎటు తిరుగుతయో చూడాలె. ముందు దిక్కు, అంటె మన దిక్కు, పండ్లు పై నుంచి కిందికి దిగుతయి. అవి కట్టెను బల్లకు అదుముతయి, దాంతోని పరేషాన్ లేదు. వెనక దిక్కు పండ్లు కింది నుంచి పైకి లేస్తయి, లేసి మళ్ల మన మీదికే వస్తయి. కట్టె వెనక పండ్లను తాకిందనుకో, దాన్ని పైకి లేపి మన మీదికి ఇసిరి కొడ్తది. ఇంగ్లీషోళ్లు కిక్‌బ్యాక్ అంటరు, మనం ఎదురు తన్నుడు అందాం. కట్టె వచ్చి కడుపుల తగులుతది, పక్కటెముకలకు తగులుతది. దానికన్న పెద్ద ప్రమాదం ఇంకోటున్నది. కట్టె ఎగిరిపోయినప్పుడు దాన్ని తోస్తున్న మన చెయ్యికి ఆనిక ఉండది. బలంగ తోస్తున్న చెయ్యి ఒక్కసారి ముందుకు పడ్తది, పోయి బ్లేడు మీదనే పడ్తది. రెప్పపాటు గూడ పట్టది. పోరడు ఫోన్ చూసినా చూడకున్నా అంత లోపల చెయ్యి గుంజుకునుడు ఎవ్వని తరం గాదు.

కట్టె వెనక పండ్లకు ఎందుకు తాకుతది? ఒకటి, కోసిన సందు మూసుకొని బ్లేడును పట్టేస్తది. పచ్చి యాప కట్టె, వంకర తిరిగిన తుమ్మ కట్టె కోసినోళ్లకు ఇది తెలుసు. కట్టె లోపల పట్టి ఉన్న బిగువు కోసినప్పుడు విడుస్తది, రెండు చీలికలు దగ్గరికొస్తయి. రెండు, కట్టె కొంచెం పక్కకు తిరిగి వెనక పండ్లకు ఒరుసుకుంటది. ప్లైవుడ్డు మూసుకోదు గానీ పక్కకైతె తిరుగుతది. ఇట్ల కాకుండ ఆపేది బ్లేడు వెనక నిలబడే సన్నటి ఇనుప పట్టీ. దాని పేరు రివింగ్ నైఫ్. బ్లేడు రేకు కన్న జర మందం, పండ్లు కోసే సందు కన్న జర సన్నం ఉంటది. కోసిన సందుల అది దూరి నిలబడ్తది, కట్టెను మూసుకోనియ్యది, వెనక పండ్ల దిక్కు తిరుగనియ్యది. చూస్తె ఏం లేదు, అరచెయ్యంత రేకు. టేబుల్ రంపం మీద నన్ను ఒక్కటే సామాను ఉంచుమంటె నేను దీన్నే ఉంచుమంట. మన తిప్పేసిన బల్లల మీద నేను అడిగితె "అదేందన్నా?" అన్నోళ్లే ఎక్కువ. కొన్ని షాపులల్ల కంపెనీ మిషనే ఉంటది, పట్టీ మాత్రం విప్పి మూలకు పడేసి ఉంటది. ఒకపారి గాడి కొట్టే పనికి విప్పిండ్రు, మళ్ల పెట్టలే.

అందుకే కొత్తగ నేర్చుకునే తమ్ముళ్లకు నా మాట: తిప్పేసిన బల్ల మీద పని నేర్చుకోవద్దు. పైసలు లేవంటె లేకున్నా సరే, వేరే తొవ్వ ఉన్నది. ప్లైవుడ్డు షీటును నేల మీద థర్మాకోల్ పరిచి పండబెట్టుర్రి. నిటారు పట్టీని క్లాంపులతోని బిగించుర్రి. అదే చేతి మిషన్‌ను గార్డుతోని, బటన్ నొక్కి, పట్టీ వెంట నడిపించుర్రి. కోత నీటుగ వస్తది, జరసేపు ఎక్కువ పడ్తది అంతే. వంకర పోతదని భయపడేటోళ్లు పట్టీని సరిగ బిగించనోళ్లే.

టేబుల్ రంపమే ఉన్నదనుకుందాం, పట్టీ, గార్డు ఉన్నయనుకుందాం. అప్పుడు పని ఇట్ల.

పని మొదలు పెట్టక ముందు ప్లగ్గు పీకి బ్లేడు బిగువు చూడుర్రి. అంచు పట్టీ, అంటె కట్టెను ఆనించి తోసే ఫెన్స్, బ్లేడుకు సమానంగ ఉన్నదా టేపు పెట్టి ముందట ఒకసారి, వెనక ఒకసారి కొలవాలె. వెనక దిక్కు సందు తక్కువుంటె కట్టెను బ్లేడుకు అదుముతది, అది ఎదురు తన్నుడుకు దావత్ ఇచ్చినట్టే. బ్లేడు ఎత్తు కట్టె మందం కన్న ఒక పన్నంత ఎక్కువ చాలు. రెండు ఇంచులు పైకి లేపి కోసుడు గొప్ప గాదు, చెయ్యి జారితె అంత లోతు కోస్తది. పాత దర్వాజ కట్టె కోసేటప్పుడు మేకులు పీకుర్రి. కనపడని మేకులున్నయేమో అయస్కాంతం తిప్పి చూసుకోర్రి.

నిలబడేది బ్లేడుకు ఎదురుంగ కాదు. ఫెన్స్ కుడి దిక్కు ఉంటె మీరు బ్లేడుకు ఎడమ పక్కకు జరిగి నిలబడాలె. ఎగిరే ముక్క బ్లేడుకు, ఫెన్స్‌కు మధ్యల నుంచి ఎగురుతది, ఆ తొవ్వల మీ కడుపు ఉండొద్దు. కట్టెను ఫెన్స్‌కు ఆనించి తోయాలె. ఏ ఆసరా లేకుండ ఉట్టి చేతులతోని గీత చూసుకుంట కోసుడు మన దిక్కు పనితనం కింద లెక్క. నా లెక్కల అది పనితనం కాదు. కట్టె ఇంతంత తిరిగినా బ్లేడు పట్టేస్తది.

బల్ల మీద బ్లేడు చుట్టూ జానెడు దూరంల ఎర్ర పెయింటుతోని గీత గీయుర్రి. వేళ్లు ఆ గీత దాటొద్దు. గీత లోపలికి పోయేది తోసే కర్ర. దాన్ని కొనుక్కునే పని గూడ లేదు, పారేసే ప్లైవుడ్డు ముక్కతోనే అయితది. పక్షి ముక్కు లెక్క చివర చిన్న గాటు, వెనక పట్టుకునేటందుకు పిడి. నాలుగైదు చేసి పెట్టుకోవాలె, ఎందుకంటె బ్లేడు తాకితె ఒకటి పోతది. పోనియ్యిర్రి, వేలు కన్న మంచిదే కదా. ఇంకొక ముచ్చట, బ్లేడు వెనక చెయ్యి పెట్టి కట్టెను గుంజొద్దు. "నువ్వు అవుతల పట్టి గుంజు" అని చిన్న పోరన్ని పెడ్తరు. గుంజేటోని చెయ్యి బ్లేడు వెనకనే ఉంటది, కట్టె ఎదురు తన్నితె ఆ చెయ్యిని గూడ బ్లేడు మీదికి గుంజుకపోతది. పెద్ద షీటు అయితె వెనక ఇంకో బల్ల ఏసి ఆనిక పెట్టాలె.

అడ్డం కోత గురించి విడిగ చెప్పాలె. పొట్టి ముక్కను ఫెన్స్‌కు ఆనించి అడ్డంగ కోయొద్దు. పొట్టి ముక్క నిలువంగ నిలబడది, తిరుగుతది. దానికి గాడిల నడిచే మైటర్ గేజ్ ఉంటది, అది వాడాలె. మైటర్ గేజ్, ఫెన్స్ రెండూ ఒకేసారి వాడొద్దు. తెగిన ముక్క రెండింటి మధ్యల ఇరికి తూటా లెక్క వస్తది. కోత అయినంక స్విచ్చు ఆపినా బ్లేడు కొద్దిసేపు తిరుగుతనే ఉంటది. చప్పుడు లేదు గదా అని అప్పుడే ముక్కలు ఏరుతరు. పూర్తిగ ఆగేదాక ఆగుర్రి.

కరెంటు ముచ్చట మన ఊర్లోళ్లకు చెప్పుడు అల్క. బాయి కాడ మోటరుకు స్టార్టర్ ఉంటది, పచ్చ బటన్, ఎర్ర బటన్. కరెంటు పోయి వస్తె మోటరు దానంతట అది నడవది, మళ్ల పచ్చ బటన్ నొక్కాలె. రాత్రి పూట పోలేక మన రైతులు దానికి ఆటో స్టార్టర్ పెట్టుకుండ్రి. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు అన్నప్పుడు, నీళ్లు ఊకె పోతయని, ఆటో స్టార్టర్లు తియ్యుమని సర్కారు చెప్పింది. బటన్‌కు తాడు కట్టిన కోత మిషన్ అంటె ఆటో స్టార్టర్ పెట్టిన మోటరే. కరెంటు పోతది, బ్లేడు ఆగుతది, పోరడు ఇరికిన ముక్క తీస్తుంటడు, కరెంటు వస్తది. బాయి కాడ నీళ్లు పోతయి, ఇక్కడ నెత్తురు పోతది. కాబట్టి ఏ మిషనైనా దానికి ఆ పచ్చ–ఎర్ర స్టార్టర్ లాంటిది పెట్టాల్సిందే, మోకాలుతోని గూడ ఆపేటట్టు ఎర్ర బటన్ ముందట ఉండాల్సిందే. ఎలక్ట్రిషియన్‌కు చెప్తె మోటరుకు తగ్గది పెడ్తడు.

మిగిలినయి జల్ది చెప్త. గ్లౌజులు వద్దు, బ్లేడు పోగు పట్టిందంటె చెయ్యంత లోపలికి పోతది. కండువ, పొడుగు చేతుల అంగి, చేతికి కట్టిన దారాలు, గొలుసు తీసి పక్కకు పెట్టుర్రి. కండ్లకు అద్దాలు, చెవులకు దూది కాదు, మఫ్ఫులు. ముక్కుకు మంచి మాస్కు. కట్టె పొట్టు ఊపిరితిత్తుల ముచ్చటే గాదు, అది క్యాన్సర్ తెచ్చేదే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లనే తేల్చింది. మందు తాగి కోసుడు గురించి నేను ఏం రాయ, మీకు తెల్వదా?

అమెరికాల గూడ ఈ మిషన్ మీద ఏటా 30 వేల మందికి పైగ దెబ్బలు తగిలిచ్చుకొని దవాఖానకు పోతరని అక్కడి సర్కారు లెక్క. చదువుకున్న దేశం, గార్డులున్న మిషన్లు, అయినా అన్ని. స్టీవ్ గాస్ అని ఒకాయన, ఫిజిక్స్ చదివి వకీలు పని చేసేటోడు, 1999ల ఒక ఉపాయం కనిపెట్టిండు. బ్లేడుల సన్నటి కరెంటు సిగ్నల్ ఉంటది, చర్మం తగిలితె అది మారుతది, వెంటనే అల్యూమినియం ముద్ద పోయి బ్లేడుల దిగి, సెకనుల రెండు వందల వంతుల ఆపేస్తది. మాంసం ముక్క పెట్టి చూపిస్తరు, చిన్న గీత పడ్తది అంతే. అది సా‌స్టాప్ పేరుతోని అమ్ముడు పోతున్నది. మన షాపులకు అది రావాలంటె ఇంకా టైం పడ్తది. నేనిది ఎందుకు చెప్తున్ననంటె, ఆ వకీలు "మనుషులూ సోయితోని ఉండుర్రి" అని ఊకోలె, మిషన్‌ను మార్చిండు.

మన దేశంల గూడ ఇట్ల ఒకసారి జరిగింది. నూర్పిడి మిషన్లు వచ్చిన కొత్తల్ల ఉత్తరాదిల కూలోళ్ల చేతులు మస్తు పోయినయి. అప్పుడు గూడ కూలోడు బీడీ తాగుకుంట చెయ్యి పెట్టిండన్నరు. చివరికి 1983ల ప్రమాదకర యంత్రాల చట్టం చేసి, చెయ్యి లోపలికి పోకుండ మిషన్‌నే తయారు చెయ్యాలని కంపెనీల మీద పెట్టిండ్రు. కోత రంపానికి అట్లాంటి పట్టింపు ఫ్యాక్టరీ లోపలనే. తిరిగే మిషన్‌కు కంచె ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ చెప్పింది. గానీ కరెంటుతోని నడిచే చోట పది మంది పనోళ్లుంటెనే అది ఫ్యాక్టరీ. 2025 నవంబర్ 21 నుంచి అమలుల పెట్టిన కొత్త కోడ్‌ల ఆ పదిని ఇరవై చేసిండ్రు. మన వడ్ల షాపుల ఎంతమంది ఉంటరు? ముగ్గురు, నలుగురు. అంటె ఆ కంచె మన దాక రాదు. 2023 సెప్టెంబర్‌ల మొదలైన పీఎం విశ్వకర్మల వడ్రంగికి పనిముట్ల కోసం 15 వేల రూపాయలు ఇస్తున్నరు, మంచిదే. దాంట్ల గార్డు, పట్టీ, స్టార్టర్, అద్దాలు కూడ ఉండాలని వడ్ల సంఘాలు అడగాలె. అడిగితెనే వస్తయి.

తెగిన వేలుకు మాత్రం చట్టంల ధర ఉన్నది. పరిహారం చట్టం పట్టికల బొటనేలు పోతె 30 శాతం, చూపుడువేలు మొత్తం పోతె 14, నడిమివేలు 12, ఉంగరంవేలు గానీ చిటికెనవేలు గానీ 7. ఇరవై ఐదేండ్ల పోరడు, నెలకు 15 వేల జీతం లెక్క, చూపుడువేలు పోతె 2 లక్షల 73 వేల రూపాయలు వస్తయి. ఇది ఓనర్ ఇయ్యాల్సింది, దయ కాదు. షాపు చిన్నదైనా జీతానికి పనిచేసేటోనికి హక్కున్నది. "దవాఖాన ఖర్సులు పెట్టిన కదా" అంటె అది వేరే, ఇది వేరే. సొంత షాపోనికి మాత్రం ఇచ్చేటోడు లేడు, ప్రమాద బీమా చేసుకోవాల్సిందే.

దెబ్బ తగిలిందే అనుకో, ఏం చెయ్యాలె? ముందు ప్లగ్గు పీకుర్రి. శుభ్రమైన గుడ్డతోని గాయం మీద గట్టిగ అదిమి పట్టి, చెయ్యి గుండె కన్న పైకి లేపి ఉంచుర్రి. పసుపు, చాయ్‌పత్త, కట్టె పొట్టు అద్దొద్దు. తెగిన వేలు పారెయ్యొద్దు, నీళ్లల్ల ఏసి నానబెట్టొద్దు. తడి పిండిన శుభ్రమైన గుడ్డల చుట్టి, ప్లాస్టిక్ కవర్ల పెట్టి గట్టిగ కట్టి, ఆ కవర్‌ను ఐస్ నీళ్లల్ల పెట్టాలె. ఐస్ వేలుకు నేరుగ తగలొద్దు, తగిలితె కండ చచ్చిపోతది. 108కు ఫోన్ చెయ్యుర్రి. అతికించే ఆపరేషన్ చేసే డాక్టర్ ఎక్కడున్నడో తొవ్వలనే ఫోన్ల అడుగుర్రి, హైదరాబాద్ పోవాల్సొస్తె సూర్యాపేట నుంచి సుమారు 135 కిలోమీటర్లు, కోదాడ నుంచి ఇంకో నలభై ఎక్కువ. చల్లగ పెట్టిన వేలు ఆ ప్రయాణం ఓర్చుకుంటది. దవాఖానల చీటీ రాసేటప్పుడు "ఇంటి కాడ తెగింది" అని రాయించమని ఎవరన్న చెప్తె ఒప్పుకోవద్దు. ఏ షాపుల, ఏ టైంకు, ఏ మిషన్ మీద తెగిందో అట్లనే రాయించుకోర్రి. ఆ చీటీని, గార్డు లేని ఆ మిషన్‌ను అదే రోజు ఫోటో తీసి పెట్టుకోర్రి. తెల్లారితె ఆ మిషన్ మీద గార్డు మొలుస్తది.